వాపసు పోయినోళ్ళు

ఆమె చనిపోయిందని నాకు జనగామ బస్టాండులో తెలిసింది. హన్మకొండ బస్సు కోసం నిలబడి ఉంటే పక్కకు ఒక పెద్దమనిషి వచ్చి ఆగాడు. తల నెరిసింది, మనిషి చిక్కిపోయాడు. అయినా నవ్వగానే గుర్తుపట్టాను. ఒకప్పుడు మా జీపు నడిపిన యాకయ్యన్న.

"మేడం పోయింది, ఎరికేనా?" అన్నాడు.

ఏ మేడం అని నేను అడగలేదు. మా ఇద్దరికీ తెలిసిన మేడం ఒక్కతే.

"ఎప్పుడన్నా?"

"దసరాకు ముంగట. నిద్రల్నే పోయిందట. నాకు గూడ ఆలస్యంగనే తెలిసింది. పేపర్ల ఎయ్యలే, ఏం లే."

ఇంతలో బస్సు వచ్చింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు. ఇంకేదో అడగాలనుకునేలోపే ఆయన చెయ్యి ఊపి జనంలో కలిసిపోయాడు. కిటికీ పక్కన కూర్చుని ఆమె ముఖం గుర్తుచేసుకుందామని చూశాను. ముఖం రాలేదు. ఆడవాళ్ళ వరుసలో నిలబడ్డ ఆమె వీపు గుర్తొచ్చింది. నేత చీర, నడుము దాకా వచ్చే సన్నటి జడ, భుజానికి గుడ్డసంచి.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకు రాయలేదో చదివితే మీకే తెలుస్తుంది.

అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. మహబూబాబాదును మేమంతా మానుకోట అనే అంటాం. ఈ మూడు పట్నాల్లోనూ ఒక ట్రస్టు చిన్న చిన్న దవాఖానలు నడిపేది. పేదవాళ్ళను ఉచితంగా చూసి, బీపీకీ షుగరుకూ నెలనెలా గోలీలు ఇచ్చేవాళ్ళు. మూడు దవాఖానలనూ కలుపుతూ కొత్తగా కంప్యూటర్లు పెట్టారు. రోగికి ఒక కార్డు ఇస్తారు. భూపాలపల్లిలో తీసుకున్న కార్డు మానుకోటలోనూ చెల్లుతుంది. పాత చిట్టీలు పోయాయనే బాధ ఉండదు, ఏ ఊళ్ళో చూపించుకున్నా డాక్టరుకు అన్నీ కనబడతాయి. ఏడాది తిరిగాక ఈ ఏర్పాటు ఎట్లా నడుస్తున్నదో చూసి చెప్పమని ఆమెను పిలిచారు. ప్రభుత్వ పథకాలు జనానికి అందుతున్నాయా లేదా అని తేల్చే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. నేను కంప్యూటరు చదువు ముగించి పని వెతుక్కుంటున్న జనగామ పిల్లను. ఆమెకు సాయంగా నన్ను పెట్టారు.

మొదటిరోజు జనగామ దవాఖానలో మేనేజరు మా కోసం కుర్చీలు వేయించి, చాయ్ తెప్పించాడు. కంప్యూటరు గది చూపిస్తానని ముందు నడవబోయాడు. ఆమె మాత్రం "నువ్వు కూసొని చాయ్ తాగు బిడ్డా" అని నాకు చెప్పి, బయటికి వెళ్ళి ఆడవాళ్ళ వరుసలో చివర నిలబడింది. మేనేజరు పరుగెత్తుకుంటూ వెళ్ళాడు.

"మేడం, మీరు లైన్ల ఎందుకు?"

"మోకాళ్ళు నొస్తున్నయి. చూపిచ్చుకుంట."

అది నిజమే. ఆమెకు మోకాళ్ళ నొప్పులు ఉండేవి. చాలాసేపటికి కిటికీ దగ్గరికి చేరింది. నేను చాయ్ గ్లాసు పట్టుకునే వెళ్ళి పక్కన నిలబడ్డాను. లోపలి కుర్రాడు పేరు అడిగాడు, చెప్పింది. ఊరు చెప్పింది. భర్త పేరు అడిగాడు.

"పెండ్లి కాలే."

"అయితే నాయిన పేరు చెప్పుండ్రి."

"తెల్వది."

కుర్రాడి చేతులు ఆగాయి. తల ఎత్తి చూశాడు. "ఏదో ఒకటి చెప్పుండ్రి అమ్మా. లేకుంటే ఇది ముందటికి పోదు."

"పోకపోతే ఏమైతది?"

"చిట్టీ రాదు."

"చిట్టీ రాకుంటే?"

"డాక్టరు సారు చూడడు."

ఆమె తల ఊపి వరుసలోంచి పక్కకు తప్పుకుంది. వెనక ఉన్నామె ముందుకు జరిగింది. మేడం నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నది: "రాసుకో బిడ్డా. మొట్టమొదలు వాపసు పోయింది నేనే."

ఆమె తమాషా చేస్తున్నదనుకున్నాను. మేనేజరూ అట్లాగే అనుకున్నాడు. "మేం ఏదో ఒకటి ఏసి కార్డు చేయిస్తం మేడం" అని వెంట తిరిగాడు. ఆమె వద్దన్నది. ఆ దవాఖానలో ఆమెకు కార్డు ఎన్నడూ కాలేదు.

మేము చేసే పని ఏమిటో ఆ సాయంత్రం జీపులో నాకు చెప్పింది. "ఇంటికి కొత్త అల్లుడొచ్చిండు అనుకో. పెండ్లినాడు ఎట్లున్నడని అడిగితే ఏం చెప్తరు? మంచోడనే అంటరు. ఏడాదైనంక అడగాలె. అది గూడ మామను అడుగొద్దు. పిల్లను అడగాలె." అప్పటి నుంచి మా మధ్య కంప్యూటరు పేరు అల్లుడే. కరెంటు పోయి వస్తే "అల్లుడు లేచిండా?" అని అడిగేది. తెర మీద ఏదైనా ఆగిపోతే "అలిగిండు, జరసేపు ఇడిచిపెట్టు" అనేది. యాకయ్యన్న పడీ పడీ నవ్వేవాడు.

రోగులతో మాట్లాడబోయే ముందు చేతి గడియారం తీసి సంచిలో వేసుకునేది. ఎందుకని అడిగితే, "నేను గడియారం దిక్కు చూసిననంటే వాళ్ళు జల్ది జల్ది ముగిస్తరు. అసలు ముచ్చట ఆఖరుకు చెప్తరు బిడ్డా, అది పోతది" అన్నది. వింటున్నప్పుడు కళ్ళు మూసుకునేది. కొత్తవాళ్ళు ఆమెకు నిద్ర పట్టిందనుకుని మాట ఆపేసేవాళ్ళు. అప్పుడు కళ్ళు తెరవకుండానే "ఊఁ, తర్వాత?" అనేది. జీపులో జామకాయలు ఉండి తీరాలి. ఉప్పూ కారం పొట్లం సంచిలోనే ఉండేది. కాయ కోసి ముందు యాకయ్యన్నకు, తర్వాత నాకు ఇచ్చి, మిగిలింది తాను తినేది.

అందరినీ అన్నీ అడిగేది కానీ ఆమె నోట మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్న ఒకటే. డాక్టరును, కాంపౌండరును, ఊడ్చే ఆమెను, గేటు బయట ఆటోవాళ్ళను, ఎవరిని కలిసినా చివరికి "ఎవలు వాపసు పోయిన్రు?" అని అడిగేది. లోపలివాళ్ళకు ఆ ప్రశ్న అర్థమయ్యేది కాదు. వచ్చినవాళ్ళ వివరాలు కంప్యూటరులో ఉంటాయి. వచ్చి వెళ్ళిపోయినవాళ్ళవి ఎక్కడుంటాయి?

కంప్యూటరు తయారుచేసిన కంపెనీ తరఫున ఒక ఇంజనీరు వచ్చేవాడు. కోస్తా అబ్బాయి, మంచివాడే. ఆమె మాట్లాడుతుంటే అతని పెదవి చివర చిన్న నవ్వు కదిలేది. పెద్ద పెద్ద సమావేశాల్లో కూడా ఆమె భాష మార్చేది కాదు. ఒకరోజు అతనితో అన్నది: "నవ్వు బాబూ, నవ్వొస్తే నవ్వాలె. గని గీ మాట మీ మిషనుకు సమజైతదా లేదా, అది చెప్పు. లచ్చవ్వ అని చెప్తే ఏం రాసుకుంటది?"

"పేర్లు సరిగ్గా టైపు చెయ్యమని ట్రైనింగులో చెప్పామండీ. వాడుకలో చెప్పినా అసలు పేరే వేస్తారు. లక్ష్మి అని."

"అసలు పేరు ఏదో ఎవలు చెప్పిన్రు?"

అతను కంప్యూటరు వైపు తిరిగాడు. ఆమె రెట్టించలేదు. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకున్నాను.

జనగామలో చాలా రోజులు గడిపాం. తర్వాత మానుకోటకు పోదామని నేను అన్నాను, రైలు కూడా ఉంది. ఆమె "ముందు భూపాలపల్లి" అన్నది. అది దూరం కదా అంటే వినలేదు. ఒకసారి మానుకోట ప్రయాణం ఖాయమై, పొద్దున్నే జీపు వచ్చి నిలబడ్డాక కూడా ఏదో పని చెప్పి వాయిదా వేసింది. కారణం నాకు భూపాలపల్లి దారిలో తెలిసింది.

పరకాల దాటి చాలాదూరం వెళ్ళాక అడవి మొదలైంది. ఆమె జీపు ఆపించింది. దిగి రోడ్డు అంచున నిలబడి చెట్లలోకి చూస్తూ ఉండిపోయింది. నేను దిగి పక్కకు వెళ్ళాను.

"నేను గీ అడవిల్నే యాడనో పుట్టిన" అన్నది.

తర్వాత చెప్పింది. అంతకుముందు ఎవరికి చెప్పిందో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ ఒక్కసారే చెప్పింది.

"మా అమ్మది దేవరుప్పుల దిక్కు. దొర మీద లేసినప్పుడు సంఘంల తిరిగింది. ఊళ్ళె నిలువనియ్యకపోతే దళంతోని ఇటు వచ్చింది. దళంల అందరివి మారుపేర్లే. మా నాయినది గూడ మారుపేరే. నేను పుట్టకముందే ఆయనను కాల్చిన్రు, అసలు పేరు ఎవలకు తెల్వది. చంటిపిల్లను ఎత్తుకొని అడవిల ఎట్ల నడుస్తరు? నేను ఏడిస్తే అందరి పానాలు పోతయి. మానుకోట దవాఖానల ఒక నర్సమ్మ ఉండె. కిరస్తానీ ఆమె. సంఘపోళ్ళకు గాయాలైతే చాటుగ కట్లు కట్టేది. ఆమె చేతుల పెట్టి పోయింది."

నర్సమ్మ ఆ పిల్లను సొంత బిడ్డలా పెంచింది. అడవి పిల్ల అని ఎవరికీ అనుమానం రాకుండా బాప్తిస్మం ఇప్పించి వేరే పేరు పెట్టింది. పోరాటం ఆగిపోయింది. అడవిలోంచి మిగిలినవాళ్ళు బయటికి రావడం మొదలైంది. ఆమె తల్లి కూడా మానుకోట వచ్చింది.

"ఆనాడు నర్సమ్మ కాన్పు చెయ్యనీకి ఊళ్ళెకు పోయింది. దవాఖాన గేటు కాడ ఒక కొత్త మనిషి ఉన్నడు. మా అమ్మ తను పెట్టిన పేరు చెప్పి, ఆ పిల్ల ఉన్నదా అని అడిగింది. ఆ పేరుగల్ల పిల్ల ఈడ లేదన్నడు. నేను లోపల ఆడుకుంటనే ఉన్న."

"మళ్ళీ అడగలేదా మేడం?"

"ఎట్ల అడుగుతది? పోలీసు క్యాంపు ఇంక ఎత్తలే. ఆమె మీద వారంటు ఉండె. గేటు కాడ నిలవడి బతిమాలే దినాలు గావు. పిల్ల లేదంటే సచ్చిపోయిందనే అనుకున్నది. వాపసు పోయింది."

మేడం కాలేజీలో చదువుతున్న రోజుల్లో ఆ గేటు మనిషి, అప్పటికి ముసలివాడై, వాకిట్లో కూర్చుని పాత సంగతులు చెబుతూ ఈ మాట కూడా చెప్పాడట. ఎవరో ఒకామె వచ్చింది, ఫలానా పేరు పిల్ల కావాలని అడిగింది, పాపం ఏ ఊరిదో అని. వింటున్న నర్సమ్మ గోడకు ఒరిగిపోయింది. ఆ పేరు ఆమె ఒక్కదానికే తెలుసు. వెంటనే ఇద్దరూ దేవరుప్పుల వైపు ఊళ్ళన్నీ తిరిగి ఇల్లు పట్టుకున్నారు. తల్లి అప్పటికే పోయింది. పిల్ల మానుకోటలో చనిపోయిందని చుట్టాలకు చెప్పుకుని బతికిందట.

"ఆ గేటు మనిషి మంచోడు బిడ్డా. నన్ను బుజాల మీద ఎక్కిచ్చుకొని తిప్పినోడు. అబద్ధం చెప్పలే. ఆయనకు తెలిసిన పేరు అది గాదు, అంతే."

యాకయ్యన్న హారను కొట్టాడు. వెనక బొగ్గు లారీలు వస్తున్నాయి. ఆమె జీపెక్కింది. ఆ రోజు భూపాలపల్లి దవాఖానలో పొద్దుగూకే వరకు రోజూలాగే పనిచేసింది. గడియారం సంచిలో వేసుకుంది, కళ్ళు మూసుకుని విన్నది.

మానుకోటకు ఆఖరున వెళ్ళాం. ట్రస్టు దవాఖాన ఊరి కొత్త వైపున ఉంది, నర్సమ్మ పనిచేసిన పాత దవాఖానకు దూరం. అయినా జీపు పట్నంలోకి రాగానే ఆమె మాట్లాడడం తగ్గించింది. లోపల అన్నీ బాగున్నాయి. వరుస చిన్నది, నేల శుభ్రంగా ఉంది. కిటికీ దగ్గర ఒక అమ్మాయి చకచకా పని చేసుకుపోతున్నది. మేడం అంతా చూసి బయటికి వచ్చి, గేటు ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర కూర్చుంది. చాయ్ పోసే ఆమెను అదే ప్రశ్న అడిగింది.

చాయ్ ఆమె ఆలోచించకుండానే చెప్పింది. "మస్తు మంది పోతరమ్మా. మొన్నామధ్య ఒక ముసలామె గీడనే కూసొని ఏడ్చింది. కార్డు చేతులనే ఉన్నది. అది నీది గాదన్నరట. బిడ్డ ఇల్లు రైలు గేటు అవుతల. మిర్చి యార్డుల కైకిలి పని చేస్తది, సరోజన అని. గా ముసలామెకు ఇప్పుడు పానం మంచిగ లేదంటున్నరు."

మేడం చాయ్ పూర్తిగా తాగలేదు. "లే బిడ్డా" అన్నది.

రైలు గేటు దాటి అడుగుతూ వెళితే ఇల్లు దొరికింది. రేకుల గది. వాకిట్లో ఎండుమిరపకాయల ఘాటు. సరోజన అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మంచం మీద ఒక ముసలామె పడుకుని ఉంది. నోరు ఒక పక్కకు లాగింది. కుడిచెయ్యి మంచం అంచు మీద పడి ఉంది, అది ఆమెది కానట్టు.

"ఎవలు మీరు?" అన్నది సరోజన.

"దవాఖానల కంప్యూటర్లు ఎట్ల పనిచేస్తున్నయో అడుగుదామని వచ్చినమక్కా" అన్నాను. నోటివెంట వచ్చాక ఆ మాట ఎంత అన్యాయంగా ఉందో నాకే తెలిసింది.

సరోజన కోపం తెచ్చుకోలేదు. "మంచిగనే పనిచేస్తున్నయ్. మా అవ్వను గుర్తుపట్టలే, గంతే" అన్నది.

తర్వాత సంగతి చెప్పింది. ఆమె తల్లి పేరు లచ్చవ్వ. భూపాలపల్లి అవతల ఒక చిన్న గూడెంలో ఉండేది. అక్కడి దవాఖానలోనే కార్డు తీసుకుంది, బీపీ గోలీలు వాడేది. భర్త పోయాక బిడ్డ దగ్గరికి వచ్చింది. కార్డు ఎక్కడైనా చెల్లుతుందన్నారు కదా అని మానుకోట దవాఖానకు వెళ్ళింది. కిటికీ దగ్గర పేరు అడిగితే లచ్చవ్వ అని చెప్పింది. తెర మీద లక్ష్మి అని ఉంది. ఊరు చెప్పింది. ఆ గూడెం కంప్యూటరులో లేకపోవడంతో భూపాలపల్లిలో పక్క ఊరి పేరు వేశారు. అదీ కలవలేదు. వయసు ఆమెకే సరిగ్గా తెలియదు.

"నీది గాదు, ఎవలది తెచ్చినవని అడిగిన్రట. ఎనుక ఉన్నోళ్ళంత దొంగను చూసినట్టు చూసిన్రట. ఇగ ఆడికి పోనన్నది. నేను బయట కొంటనంటే వద్దన్నది, నాకేం కాలేదన్నది. మొన్న ఆదివారం పొద్దుగాల లేవబోయి పడిపోయింది."

మంచం మీద లచ్చవ్వ పెదవులు కదిలాయి. సరోజన వంగి విన్నది. మాకు కూడా వినబడింది. ఒక్కొక్క మాటే, ముద్దగా.

"నేను… ఆడ… లేనన్నరు."

మేడం నేల మీద కూర్చుంది. ఆ మోకాళ్ళతో ఆమె నేల మీద కూర్చోవడం నేను అంతవరకు చూడలేదు. పడిపోయిన ఆ కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏమీ అడగలేదు. నేను కూడా ఏమీ రాసుకోలేదు.

ఆ సాయంత్రమే దవాఖాన డాక్టరును వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాం. ఆయన పరీక్ష చేసి మందులు రాశాడు. బయటికి వచ్చాక, పడిపోయిన రోజే తెచ్చి ఉంటే కొంత నయమయ్యేదని, గోలీలు ఆగకుండా ఉంటే అసలు ఇంతదాకా వచ్చేది కాదేమో అని అన్నాడు. ఆమె తలవంచుకుని విన్నది.

దవాఖానకు తిరిగి వెళ్ళేసరికి కిటికీ దగ్గరి అమ్మాయికి విషయం తెలిసిపోయింది. ఏడుస్తున్నది. "వేరేటోళ్ళ కార్డు మీద మందులు ఇయ్యొద్దని చెప్పిన్రు మేడం. ఇస్తే నా నౌకరీ పోతదన్నరు."

"ఏడువకు బిడ్డా" అన్నది ఆమె. "నీకు తెలిసిన పేరు అది గాదు, గంతే."

నా వైపు తిరిగి, ఈ పిల్ల పేరు మనం రాసేదాంట్లో యాడ గూడ రావొద్దన్నది.

మానుకోట నుంచి తిరిగివస్తూ ఒక్క మాటే అన్నది. "ముందు మానుకోటకు రావాల్సి ఉండె." నేను ఏదో సర్దిచెప్పబోయాను. "నువ్వన్నవ్ గదా రైలున్నదని. నేనే వద్దన్న. ఆ ఊళ్ళె దిగాల్నంటే నాకు కాళ్ళు రాలే. గా ముసలామె అప్పటికి మంచిగనే తిరుగుతున్నది." తర్వాత ఈ మాట ఆమె నోట చాలాసార్లు విన్నాను. ఫోనులో వేరే విషయం మాట్లాడుతూ మధ్యలో అనేది. జామకాయ కోస్తూ చెయ్యి ఆపి అనేది.

నివేదిక ఇచ్చే రోజు జనగామలో సమావేశం పెట్టారు. ట్రస్టు పెద్దాయన ముందే తన సంతోషం చెప్పాడు. "ఒకప్పుడు లైను గేటు బయట దాకా ఉండేది. ఇప్పుడు లోపల్నే అయిపోతున్నది. అదొక్కటి చాలు మేడం."

"నిజమే సారు. వరుస చిన్నగైంది" అన్నదామె. "కొంత పని జల్ది అయినందుకు చిన్నగైంది. కొంత మనుషులు రాక చిన్నగైంది. రెండోది గూడ సూడాలె."

ఆ తర్వాత లచ్చవ్వ సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు. ఎవరి తప్పనీ అనలేదు. కోస్తా ఇంజనీరు తలవంచుకుని బల్లను చూస్తూ ఉండిపోయాడు. అతనే మొదట మాట్లాడాడు. "పిలిచే పేరు కోసం వేరే గడి పెట్టొచ్చండీ. తెలుగులో, వాళ్ళు ఎట్లా చెబితే అట్లా. ఏదైనా ఖాళీగా ఉన్నా ముందుకు పోయేట్టు చేస్తాను." చేశాడు కూడా. ఈ రోజుకూ ఆ మూడు దవాఖానల్లోనూ పిలిచే పేరు ఏందని అడుగుతారు.

ఆమె అడిగింది ఇంకొకటి ఉంది. ఈ ఏడాదిలో రావడం మానేసినవాళ్ళ ఇళ్ళకు మనిషిని పంపి, ఎందుకు మానేశారో అడగాలి. దానికి పెద్దాయన "అంత మనుషులు మన దగ్గర లేరు మేడం, చూద్దాం" అన్నాడు. ఆమె ఇంకోసారి చెప్పబోయింది. ఇంతలో బిస్కెట్లు, చాయ్ వచ్చాయి. అందరూ లేచారు. ఆ విషయం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆమె తర్వాత ఇంకెవరి దగ్గరా ఇట్లాంటి పని ఒప్పుకోలేదు.

కొన్నాళ్ళకు మానుకోట చాయ్ బండి ఆమె నుంచి మేడంకు ఫోను వచ్చింది. లచ్చవ్వ చనిపోయింది. మేడం నాకు చెప్పి, "వస్తవా బిడ్డా?" అని అడిగింది. మా పని ఎప్పుడో అయిపోయింది, ట్రస్టు జీపు మాకు లేదు. యాకయ్యన్న తెలిసినవాళ్ళ బండి అడిగి తెచ్చాడు.

మేము వెళ్ళింది దినాలకు ముందురోజు. వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. మంచం గోడకు నిలబెట్టి ఉంది. మమ్మల్ని చూసి వాళ్ళలో ఒక పెద్దామె అడిగింది. "యాడికెల్లి వచ్చిన్రమ్మా? మీరు ఏమైతరు?"

నేను ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. ఆ దవాఖానతో మాకు ఇప్పుడు ఏ సంబంధమూ లేదు. అప్పుడు కూడా మేము చూడడానికి వచ్చిన బయటివాళ్ళమే.

"దవాఖాన నుంచి వచ్చిన" అన్నది మేడం.

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సరోజన లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడింది.

"మీ అవ్వను వాపసు పంపినం. తప్పైంది బిడ్డా" అన్నది మేడం. "చెప్పి పోదామని వచ్చిన."

సరోజన ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. చెంగుతో చేతులు తుడుచుకుని అడిగింది.

"ఇప్పుడు మా అవ్వ పేరు సరిగ్గ రాసిన్రా?"

"రాసినం. లచ్చవ్వ అనే రాసినం."

"మంచిది" అన్నది సరోజన.

లోపలికి వెళ్ళి బియ్యం బస్తా ఈడ్చుకొచ్చింది. మరునాడు తిండ్లకు బియ్యం ఏరాలి. చేట ముందు పెట్టుకుని కూర్చుంది. మేడం చెప్పులు విప్పి, గోడ పట్టుకుని మెల్లగా ఆమెకు ఎదురుగా దిగి కూర్చుంది. ఆ చేటలోకే చెయ్యి పెట్టి మట్టిపెళ్ళలు, రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. సరోజన వద్దనలేదు. చేటను కొంచెం ఆమె వైపు జరిపింది. యాకయ్యన్న రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. పొద్దు వాలే దాకా ఇద్దరూ ఏరుతూనే ఉన్నారు.